పెట్టెలోని పెద్దపాలేరు



నేటి ప్రసంగవిషయము, సర్వరులను పాలించు పనిముట్లను కంటైనరు లోపలినుండి నడపుట యనునది. ఈ మాటలు చెవిని బడగానే మీలో పలువురు "ఇది పట్నపు కుఱ్ఱవాండ్ర విద్య, మనకేల?" యని తలంతురు. బడిపంతులుగా బ్రతుకు గడపి, వ్యాకరణము తప్ప వేఱొకటి చెప్పి యెఱుగని నేను దీనిని చెప్పబూనుటయు మీకు వింతగనే తోచును. కాని మన పొలముల అడంగలులు, పహాణీలు, పింఛనుల పట్టికలు, బ్యాంకుల లెక్కలు నేడు గుడ్డమూటలలో లేవు, సర్వరులలో నున్నవి. దస్త్రము ఎవ్వరి యింటనున్నదో, దాని పెట్టె తాళపుచెవి ఎవ్వరి మొలత్రాటికి గట్టియున్నదో ఆరసికొనుట పల్లెపెద్దలకు వెనుకటినుండి యలవాటు. ఆ యలవాటే నన్నీ చరిత్రమును చదువునట్లు చేసినది. నాకు తెలియని భాగములను నా పూర్వశిష్యుడొకడు, హైదరాబాదులో నీ పనియే చేయువాడు, ఓపికతో బోధించెను. గురుశిష్యుల వరుస తాఱుమాఱైనందుకు నాకు సిగ్గులేదు.

సర్వరనగా నొక కంప్యూటరే. అయితే దానియెదుట మనుష్యుడు కూర్చుండి పనిచేయడు. దూరముననున్నవారు అడిగినదానిని అందిచ్చుట దాని కొలువు. పెద్దసంస్థలలో నిట్టివి వందలు, వేలు నుండును. ప్రతిదానియందును ప్రోగ్రాములను ఎక్కింపవలెను. లోపము బయటపడినప్పుడు సవరించిన ప్రోగ్రామును పాతదాని స్థానమున నిలుపవలెను. కొలువు మానినవారి ప్రవేశమును తొలగింపవలెను. తొలిదినములలో నివియన్నియు చేతితోడనే జరుగుచుండెను. పాలకుడు ఒక్కొక్క యంత్రములో ప్రవేశించి అవే యాజ్ఞలను మఱల మఱల టైపు చేయుచుండెను. నూఱు యంత్రములైన నూఱుమార్లు. తొంబదితొమ్మిదింటిని సరిగా చేసి యొకదానిని మఱచుట మనుష్యస్వభావము.

ఆ మఱపు వెల యెంతయో 2012వ సంవత్సరము ఆగష్టు 1వ తేదీన లోకమునకు తెలిసెను. అమెరికాలో షేర్ల క్రయవిక్రయములు జరుపు నైట్ కాపిటల్ అను సంస్థ యొకటి యుండెను. ఆ దినమున న్యూయార్కు షేర్లబజారులో నొక క్రొత్త యేర్పాటు ప్రారంభము కావలసియుండెను. దానికై ఆ సంస్థవారు తమ యెనిమిది సర్వరులలో క్రొత్త ప్రోగ్రామును ముందుగనే నిలుపబూనిరి. నిలిపినవాడు ఏడింట నిలిపి యెనిమిదవదానిని మఱచెను. రెండవవాడెవ్వడును సరిచూడలేదు, సరిచూడవలెనను వ్రాతనియమమే యచ్చట లేదు. ఆ యెనిమిదవ యంత్రములో 2003 నుండి వాడుకలేని పాతప్రోగ్రామొకటి చచ్చిన పామువలె పడియుండెను. క్రొత్తదానిని మేల్కొలుపుటకు ఏర్పఱచిన సంకేతమును, పూర్వము ఆ పాతదానిని మేల్కొలిపిన సంకేతమును ఒక్కటియే. ఉదయము తొమ్మిదిన్నరకు బజారు తెఱవగనే ఆ పాము లేచెను. 45 నిమిషములలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షల బేరములు జరిగెను. 39 కోట్ల 70 లక్షలకు మించిన షేర్లు చేతులు మాఱెను. నష్టము 46 కోట్ల డాలర్లకు పైబడెను. బజారు తెఱచుటకు ముందే యంత్రములు 97 లేఖలను ఉద్యోగులకు పంపియుండినవి. వానిని పట్టించుకొన్నవారు లేరు. ఇంకొక విచిత్రము వినుడు. కారణము తెలియక తొందరపడి వారు సరిగానున్న యేడింటినుండియే క్రొత్తప్రోగ్రామును తొలగించిరి. దానితో నెనిమిదింటను పాతపామే బుసకొట్టెను. మరుసటి యేట ఆ సంస్థ వేఱొకదానితో కలిసిపోయెను.

ఎనిమిదింటిలో నేడు సరిగా చేసినవానికి మా బడిలోనైన నూటికి ఎనుబదియేడు మార్కులు వేసి, భేషని వీపు తట్టియుందుము.

చేతిపనిని తప్పించు యత్నము అంతకు చాల ముందే మొదలైనది. 1993లో నార్వేదేశపు ఓస్లో విశ్వవిద్యాలయమున మార్కు బర్జెస్ అను భౌతికశాస్త్రజ్ఞుడు సి.యఫ్.ఇంజన్ అను పనిముట్టును రచించెను. అచ్చటి యంత్రములు పలుజాతులవి. ఒక్కొక్క జాతికి ఒక్కొక్క రీతి యాజ్ఞలు వ్రాయుట కష్టముగా నుండెను. ఆయన పనిముట్టులోని ముఖ్యభావమును మన పెరటి భాషలో చెప్పెదను. "తొట్టిలో నాలుగు బిందెల నీరు పోయుము" అనుట యొక రీతి. "తొట్టి నిండియుండవలెను" అనుట మఱొక రీతి. మొదటి యాజ్ఞను మఱపున రెండుమార్లు చెప్పిన నీరు పొరలి వాకిలి బురదయగును. రెండవదానిని నూఱుమార్లు చెప్పినను చిక్కులేదు. నిండియున్న నేమియు చేయదు, వెలితియున్న నంతమేరకే పోయును. చేయవలసిన పనిని గాక, తుదకు ఉండవలసిన స్థితిని వర్ణించుటయే దీని కీలకము.

నాకు వ్యాకరణము చెప్పిన గురువుగారు పర్జన్యన్యాయమును వివరించుచు, సూత్రము మేఘమువంటిది, మెట్టనేలపైనను నిండిన చెఱువుపైనను ఒక్కరీతిగనే వర్షించునని చెప్పెడివారు. ఫలమున్నను లేకున్నను సూత్రము ప్రవర్తించునని భావము. బర్జెస్ పనిముట్టు మేఘముకన్న నొక యడుగు ముందుకు పోయినది. చెఱువు నిండినదా లేదా యని చూచి మఱి కురియును. ఈ పోలిక విని నా శిష్యుడు సంతోషించెను గాని, తమ కార్యాలయమున దీనిని చెప్పిన నవ్వుదురనెను.

2005లో ల్యూక్ కేనీస్ పప్పెట్ అను పనిముట్టును, 2009లో ఆడమ్ జేకబ్ మొదలగువారు షెఫ్ అనుదానిని వెలువరించిరి. వీనిలో సాధారణముగ ప్రతి సర్వరునందును ఒక చిన్న ప్రోగ్రాము పాలేరువలె కాపురముండి, నియమితకాలమున యజమాని యాజ్ఞాపత్రమును తెచ్చుకొని అమలుజరుపును. 2012లో మైకేల్ డిహాన్ వెలువరించిన ఆన్సిబుల్ వేఱుదారి త్రొక్కెను. ప్రతి యింటను పాలేరు అక్కఱలేదు. ఒక్కచోట పెద్దపాలేరున్న చాలును. ఆతడు యస్.యస్.హెచ్. అను గూఢమార్గమున ఒక్కొక్క సర్వరులోనికి పోయి, పని ముగించుకొని తిరిగి వచ్చును. ఈ గూఢమార్గమును 1995లో ఫిన్లండుదేశమున తాతు యూలొనెన్ అను నాతడు కల్పించెను. దారికాచి సంకేతపదములను వినెడి దొంగల బాధ పడలేక పుట్టినదది. ఇక ఆన్సిబుల్ అను పేరు ఉర్సులా లె గ్విన్ అను రచయిత్రి 1966లో వెలువరించిన నవలలోనిది. ఎంత దూరమునకైనను తత్క్షణమే వార్త నందించు కల్పితయంత్రమునకు ఆమె పెట్టిన పేరది. మన పురాణములలోని ఆకాశవాణి వంటిదనుకొనుడు.

మఱి యీ పెద్దపాలేరు ఎచ్చట కాపురముండవలెను? చిక్కంతయు నిచ్చటనే యున్నది. తొలుత పాలకుని సొంతకంప్యూటరే ఆతని యిల్లు. ఆన్సిబుల్ పైతాన్ అను కంప్యూటరు భాషలో వ్రాయబడినది. ఆ భాషయొక్క యే పాఠము ఆ యింట నున్నదో, దానికి తోడుగ నే ప్రోగ్రాము లున్నవో, వానినిబట్టి పెద్దపాలేరు నడవడి మాఱును. పైతాన్ రెండవ పాఠమునకు 2020 జనవరి 1తో పోషణ ముగిసెను. మూడవ పాఠము దానితో పూర్తిగా పొసగదు. ఆ యేడే ఆన్సిబుల్ తన మూలభాగమును చిన్నది చేసికొని, తక్కిన పనితనమును విడివిడి సంపుటములుగ పంచిపెట్టెను. ఒక్కొక్క సంపుటమునకు ఒక్కొక్క తోడు కావలెను. ఒకదాని తోడు వేఱొకదానికి శత్రువు. ఇట్లు ఒకని కంప్యూటరులో చక్కగ నడచిన పని ప్రక్కవాని కంప్యూటరులో కుంటును. విండోసు కంప్యూటరున్నవాని యింటనైతే పెద్దపాలేరు నేరుగ కాపురముండనే యుండడు. "నా యంత్రములో నడచినదే!" యను మాట ఆ వృత్తివారిలో సామెతయై పోయినదట.

పెండ్లివంటకు వచ్చు వంటవాడు ఆ యింటి గిన్నెలను నమ్మడు. తన గుండిగలు, గరిటెలు, పొయ్యిరాళ్ళతో సహా బండిలో వేసికొని వచ్చును. పెద్దపాలేరునకును అట్టి బండి కావలసివచ్చెను.

కంటైనరు అను మాటకు విశాఖపట్టణపు రేవులో ఓడలపైకెత్తు ఇనుపపెట్టెలు మీకు జ్ఞప్తికి వచ్చును. పేరు అచ్చటిదే. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అను అమెరికా లారీవర్తకుడు ఐడియల్ ఎక్స్ అను ఓడపై 58 పెట్టెలను నూవర్కు రేవునుండి హ్యూస్టనుకు పంపెను. పెట్టెలో బియ్యమున్నదో బొమ్మలున్నవో రేవులోని క్రేనునకు నిమిత్తము లేదు. పెట్టె దాని పట్టున కమరిన చాలును.

కంప్యూటరులోని పెట్టెకు ఇనుము లేదు, రేకు లేదు. అది యొక మాయ. 1979లో వెలువడిన యునిక్సు ఏడవ పాఠమున క్రూట్ అను ఆజ్ఞ యొకటి చేరెను. ఒక ప్రోగ్రామునకు ఒక గదిని చూపి, లోకమంతయు నిదియేయని నమ్మించుట దాని పని. 2000లో పౌల్ హెన్నింగ్ కాంప్ అను డెన్మార్కు దేశీయుడు ఫ్రీబీయస్డీ అను వ్యవస్థలో దానికి గోడలు బలపఱచి చెఱసాల యను పేరు పెట్టెను. లైనక్సులో 2002 నుండి ఒక్కొక్క తెర చేరుచు వచ్చెను. గూగులు సంస్థలో పాల్ మెనేజ్, రోహిత్ సేథ్ అనువారు 2006లో మొదలిడిన పని ఫలించి, ఒక్కొక్క గదికి ఇంత తిండి, ఇంత నీరు అను కొలతలు 2008లో లైనక్సు కేంద్రమున చేరెను. ఇవియన్నియు విడివిడి సామానులు. 2013 మార్చిలో అమెరికాలోని శాంతాక్లారా నగరమున, పైతానుభాషాభిమానుల సభలో, సాలమన్ హైక్స్ అను యువకుడు ఐదు నిమిషముల ప్రసంగములో వీనినన్నిటిని కూర్చిన డాకరు అనుదానిని చూపించెను. డాకరనగా రేవుకూలీ. ప్రోగ్రామును దాని తోడులన్నిటితో నొక పెట్టెలో సర్ది, ఏ లైనక్సు యంత్రముపైనైనను దించి వెంటనే నడపవచ్చును. పని ముగియగనే పెట్టెను పాఱవైచి, మూసనుండి మఱల క్రొత్తది తీయవచ్చును.

ఒక్క సంగతి మఱవరాదు. పెట్టె వేఱు యంత్రము కాదు. ఒకే దూలము, ఒకే కప్పుక్రింద అన్నదమ్ములు గదులు పంచుకొని వేఱు వంటలు వండుకొనుట వంటిదిది. కేంద్రము, అనగా కెర్నెలు, అందఱకు నొక్కటియే. గోడలు పలుచన.

డాకరు పుట్టిన యేడే కోర్ ఓయస్ అను లైనక్సు వెలువడెను. దానిలో పాలకుని పనిముట్లు దాదాపు లేవు. పైతాను సైతము లేదు. పాలకునికి పనిముట్టు కావలసిన నొక పెట్టెను తెఱచి, దానిలో కూర్చుండి, యింటిని చూచుకొనవలెను. అది 2020 మే నెలలో అంతరించెను గాని, దానివలన నొక ప్రశ్న మిగిలెను: పెట్టెలోనివాడు ఇంటినంతటిని చక్కబెట్టవలెనన్న వానికి గోడలోనుండి ఎంత కంత విడువవలెను? 2013లోనే జెరోమ్ పెటజోని యను డాకరు ఉద్యోగి పెట్టెలో పెట్టెను నడపు ఉపాయము చూపించెను. 2015లో ఆయనయే, పరీక్షలకై అట్లు చేయకుడు, తొందరపడకుడని వ్రాసెను. తాను చూపిన దారిలో ముండ్లున్నవని తానే చెప్పిన పెద్దమనుష్యుని నేను గౌరవింతును. ఆయన చెప్పిన మాఱుదారి, ఇంటి యజమానితో మాటలాడు కిటికీని పెట్టెలోనికి అమర్చుట. పని సులభమగును. అయితే ఆ కిటికీ యందినవానికి ఇల్లంతయు నందినట్లే. పెట్టె గోడలు ఇక పేరునకే. 2019 ఫిబ్రవరిలో పెట్టెలను నడపు రన్‌సీ యను ప్రోగ్రాములోనే యొక లోపము బయటపడెను. పెట్టెలోని దుష్టుడు దానిద్వారా ఇంటియజమాని స్థానమును ఆక్రమింప గలిగెడివాడు. లోకమందలి పాలకులందఱు హడావిడిగా సవరించుకొనిరి.

2015లో ఆన్సిబుల్‌ను కొన్న రెడ్ హ్యాట్ సంస్థ, 2021లో, పెద్దపాలేరు పెట్టెలోనే యుండుట రాజమార్గమని నిర్ణయించెను. కావలసిన తోడులను ఒక పట్టికలో వ్రాసిన, దానినిబట్టి పెట్టెను నిర్మించు పనిముట్టును, నిర్మించినదానిలోనుండి పని నడపు పనిముట్టును వెలువరించెను. హైదరాబాదులో నడచు పెట్టెయు, వేఱొక దేశమున నడచు పెట్టెయు నక్షరము తేడాలేక యొక్కటియే. బండి కుదిరినది.

ఇక నా శిష్యుని సంగతి. వాని పేరు చెప్పను. వాని సంస్థ పేరు అసలే చెప్పను. ఆతడు కొలువునకు క్రొత్త. పెద్దపాలేరును పెట్టెలో పెట్టు పని వానికప్పగించిరి. మొదటి వారము ఒక చిత్రము జరిగెను. తాను కూర్చున్న కంప్యూటరులోనే యొక ప్రోగ్రామును నిలుపుమని ఆజ్ఞ వ్రాసెను. "ఈ యంత్రమే" యనుటకు వారి భాషలో లోకల్‌హోస్టు అందురు. నడపెను, నిలిపితినని నివేదిక వచ్చెను. చూచిన, ప్రోగ్రాము లేదు. మరునాడు నడపెను, మఱల క్రొత్తగ నిలిపితినని నివేదిక. మూడవనాడును అంతే. తొట్టి నిండియున్నదని చెప్పవలసిన పనిముట్టు ప్రతిదినమును క్రొత్తగ నింపితిననుచున్నది. ఏమగుచున్నదో మీ కీపాటికి తెలిసియుండును. పెట్టెలోనివానికి "ఈ యంత్రమే" యనగా పెట్టెయే. పెట్టెలోనే నిలిపెను, పని ముగియగనే పెట్టెను పాఱవైచిరి.

"మాస్టారూ, మీరు ఉత్తమపురుష పాఠము చెప్పుచు, 'నేను' అను మాట ఎవ్వడు పలికిన వానికే చెందునని చెప్పితిరి. అది నాకప్పుడు అర్థమైనది" అనెను. అటువంటి మాట వినుటకు పంతులు ముప్పదియేండ్లు బ్రతుకవలెను.

తఱువాత పెద్దపాలేరు గూఢమార్గములో అడుగిడలేకపోయెను. పెట్టెలో వానికి సంఖ్యయే కలదు, పేరు లేదు. ఆ సంఖ్యకు పేరు వ్రాసియుండనిదే యస్.యస్.హెచ్. కదలదు. ఆ చిక్కు పూటలో విడిపోయెను. దానికన్న గట్టిది మొగము గుర్తించుట. గూఢమార్గమున పోవువాడు తాను వెనుక చూచిన సర్వరుల గుర్తులను వ్రాసికొని యుంచుకొనును. పెట్టె ప్రతిమాఱును క్రొత్తది గనుక జ్ఞాపకము లేదు; అందఱును క్రొత్తమొగములే. విసిగినవారు ఆ గుర్తింపునే మానిపింతురు. అప్పుడు దొంగ సర్వరువేషము వేసికొని కూర్చున్నను పెద్దపాలేరు వానికి దండము పెట్టి పని యప్పగించును. మావాడు ఆ తప్పు చేయలేదు. గుర్తుల పుస్తకమును బయటనుండి పెట్టెలోనికి అందించెను. చేసిన తప్పు వేఱు.

సర్వరులను తెఱచు తాళపుచెవి, అనగా రహస్యపు ఫైలు, పెట్టెలో నుండవలెను గదా యని దానిని మూసలోనే పెట్టి పెట్టెను నిర్మించెను. కొన్నిదినములకు తప్పని తోచి, తఱువాతి నిర్మాణములో దానిని తుడిచివేయుమని యొక పంక్తి వ్రాసెను. కాని మూస పొరలు పొరలుగ కట్టబడును. పైపొరలో తుడిచినది క్రిందిపొరలో నట్లేయుండును. గోడమీది వ్రాతపై సున్నము కొట్టినట్లు. గోటితో గీకిన వ్రాత కనబడును. ఆ మూస అప్పటికే సంస్థ పెట్టెలకొట్టునకు చేరెను. అచ్చట పనిచేయు నెవ్వడైనను దానిని తెచ్చుకొనవచ్చును. ఆ తాళపుచెవితో తెఱచుకొను సర్వరులు మూడువందలకు పైగా నుండెను.

వాడు ఎవ్వరును చెప్పకముందే తానే పైయధికారికి చెప్పెను. కొలువు పోవుననుకొనెను. ఆ రాత్రి నాకు ఫోను చేసినప్పుడు గొంతు వణకుచుండెను. "తాళములన్నియు మార్చుటకు నీకు దారి యున్నదా నాయనా?" యని యడిగితిని. ఉన్నదనెను. ఆ పెద్దపాలేరుచేతనే, ఆ పెట్టెలోనుండియే మార్పవలెను. ఈ మాఱు తాళపుచెవి మూసలో లేదు, పనివేళకు మాత్రము బయటనుండి అందించి, పెట్టెతోపాటే పోవునట్లు చేసెను. వరుస మాత్రము తప్పరాదు. ముందు ప్రతి సర్వరునందును క్రొత్తచెవిని ఒప్పుకొనునట్లు చేయవలెను. పిదప క్రొత్తదానితో లోనికి పోయి చూడవలెను. అది తెఱచుకొన్న పిమ్మటనే పాతదానిని కొట్టివేయవలెను. వరుస తిరగబడిన తనయింటికి తానే పరాయివాడగును.

తెల్లవాఱుసరికి పని ముగిసినట్లు నివేదిక వచ్చెను. దాని తుదిని ప్రతి సర్వరునకు నొక పంక్తి యుండును: సరిగానున్నవెన్ని, మార్చినవెన్ని, చెడినవెన్ని, అందనివెన్ని అని. మూడువందల చిల్లర పంక్తులలో రెండింట అందలేదని యుండెను. ఆ రెండును ఆపివేయబడిన పాతయంత్రములు. వానినిక నెవ్వరును వెలిగింపరని తోడివారు చెప్పిరి. మావాడు వినక, మూడవనాడు అనుమతి పుచ్చుకొని వానిని వెలిగించి, తాళములు మార్చి, మఱల ఆర్పించి, పిదప నాకు ఫోను చేసెను.